చర్చి గడప దాటి వచ్చిన కులం

చిలమత్తూరు: అమెరికాలో తెల్లవారికి ఒక చర్చి, నల్లవారికి ఒక చర్చి ఉండేవని చెబితే మన పల్లెల్లో ముక్కున వేలేసుకుంటారు. ఆ దేశపు నల్లజాతి నాయకుడు, స్వయంగా పాస్టరు అయిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో కేరళకు వచ్చి, దళిత పిల్లలు చదివే ఒక బడికి వెళ్లారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశాడు. మొదట మనసు నొచ్చుకున్నా, ఆలోచిస్తే అది నిజమేననిపించిందని కింగ్ తర్వాత చెప్పుకున్నారు. అక్కడ ఒంటి రంగు చేసిన పనిని ఇక్కడ కులం చేస్తున్నది.

తెలుగు క్రైస్తవుల్లో అధికులు కులం బాధ పడలేక చర్చి గడప తొక్కినవారే. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌకు పై కులాలవారు షరతు పెట్టారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారన్నారు. క్లౌ దొర మాదిగలను వదులుకోలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

సీమలో కథ మరో రకం. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుంగనూరు ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి జెసూటు గురువులు సన్యాసుల వేషం కట్టి, బ్రాహ్మణుల ఆహార నియమాలు పాటించి పై కులాలను ఆకట్టుకున్నారు. అలా కొందరు రెడ్లు కతోలికులయ్యారు, కులం వదలకుండానే. తర్వాత వచ్చిన లండన్ మిషన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఒక్కో మిషన్‌లో ఒక్కో కులం చేరింది. దాంతో ఏ సంఘమో చెబితే ఏ కులమో ఊహించే పరిస్థితి వచ్చింది.

చిలమత్తూరు నుంచి బెంగళూరుకు కూలికి పోయినవాడికి బస్సులో పక్కవాడి కులం తెలియదు. ఊళ్లో సంఘం కూడితే మాత్రం ఎవరు ఎవరో అందరికీ తెలుసు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిన్నవారే పిల్ల సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం ఆరా తీస్తారు. సంఘం కమిటీ ఎన్నికల్లోనూ ఇదే లెక్క. ఈ మాట పెద్దలకు రుచించకపోవచ్చు.

దీని గురించి నోరు విప్పేవారు తక్కువ. కారణం లేకపోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీలో చేర్చారు. పిల్లల సర్టిఫికెట్టుకు ఎసరు వస్తుందన్న భయంతో కాగితాల్లో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతికేవారు చర్చిలో కులం సంగతి ఏమని ఎత్తుతారు?

పక్కనున్న తమిళనాడులో తిరుచిరాపల్లి సమాధుల తోటలో దళిత కతోలికులను వేరుచేస్తూ ఏకంగా గోడే కట్టారు. కంటికి కనబడే గోడను కూల్చమని అడగవచ్చు. మన దగ్గర గోడలు చాలావరకు కనబడవు.

2016 డిసెంబరులో దేశ కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కుల వివక్షను ఘోరమైన సామాజిక పాపంగా ప్రకటిస్తూ పత్రం వెలువరించింది. 2022 ఆగస్టు 27న పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. దళితులలో ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టి, 2008 నుంచి 2020 వరకు కర్నూలు పీఠాధిపతిగా పనిచేశారు. మన అనంతపురం ప్రాంతం కూడా ఆ మేత్రాసనం కిందిదే.

పైన పదవి దక్కడం సంతోషమే. కింద ఊరి సంఘంలో పని మొదలుపెట్టడానికి పత్రాలు కూడా అక్కరలేదు. పెళ్లిళ్ల రిజిస్టరు తీసి, గత ఇరవై ఏళ్లలో కులం దాటి జరిగిన పెళ్లిళ్లు ఎన్నో లెక్కగట్టవచ్చు. కమిటీలో ఇంతవరకు కూర్చున్నవారి పేర్లు దాని పక్కన రాయవచ్చు. సంవత్సరాంతపు సమావేశంలో ఆ కాగితాన్ని పాస్టరు అయ్యగారు పైకి చదివితే పది నిమిషాలు పడుతుంది.