తిననని మారాం చేసే పిల్లలు

ఒకటి నుంచి అయిదు సంవత్సరాల పిల్లలకు రోజూ ఏయే పోషకాలు కావాలో ఇంతకు ముందు భాగంలో చదివారు. పట్టికలో ఉన్నవి వండటం సులువే. వాటిని పిల్లల చేత తినిపించడమే కష్టం. "మావాడు పప్పు ముట్టడు, ఆకుకూర కనబడితే ఉమ్మేస్తాడు" అని తల్లులు వాపోవడం మీరు వినే ఉంటారు. దీనికి కారణాలేమిటో, ఇంట్లో ఏం చేయవచ్చో ఇప్పుడు తెలుసుకుందాం.

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి సుమారు తొమ్మిది కిలోలవుతుంది. రెండవ సంవత్సరంలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. కొత్త రుచులంటే జంకు కూడా ఈ వయసులోనే మొదలవుతుంది. అందువల్ల రెండేళ్ల పిల్ల కొత్త కూరను పక్కకు నెట్టడం మొండితనం కాదు, ఆ వయసు లక్షణం.

అలాగని ఊరుకోదగిన విషయమూ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. అన్నం తినలేదన్న బెంగతో చాలా ఇళ్లలో బిస్కట్లు, టీ, గ్లాసులకొద్దీ పాలు ఇస్తారు. పాలలో ఇనుము చాలా తక్కువ. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పైగా పాలతో కడుపు నిండిన పిల్లకు భోజనం వేళ ఆకలి ఉండదు. తినలేదని మళ్లీ పాలు! ఏడాది దాటిన పిల్లలకు పాలు రోజుకు అర లీటరు మించనివ్వకండి. టీ అసలు వద్దు.

మరి బలవంతంగా తినిపిస్తే? లియాన్ బర్చ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పానీయం తాగితే బహుమానం ఇస్తామన్నప్పుడు పిల్లలకు దానిపై ఇష్టం తగ్గింది. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అన్న మాట పిల్లకు ఏం చెబుతుందో ఆలోచించండి: కూర శిక్ష, చాక్లెట్ బహుమతి. బూచాడి పేరు చెప్పి భయపెట్టడం ఇంకా చెడ్డది.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల బాధ్యత. ఎంత తినాలన్నది పిల్లలకు వదలాలి. ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, అదీ వేళకు. ఇష్టమైన పెరుగన్నం పక్కనే ఒక చెంచాడు తోటకూర పప్పు పెట్టండి. తినకపోతే ఏమీ అనకుండా తీసేయండి. రెండు రోజులాగి మళ్లీ పెట్టండి. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పది, పదిహేను సార్లు పట్టవచ్చు. మనం సాధారణంగా మూడోసారికే "వీడికి పడదు" అని తేల్చేస్తాం. పప్పును పొయ్యి మీంచి దించాక నిమ్మరసం పిండితే రుచికి రుచి, ఇనుమూ బాగా వంటబడుతుంది. ఆకుకూరను రుబ్బి దోసెపిండిలో కలపవచ్చు. అయితే ఎప్పుడూ దాచిపెట్టే ఇస్తే పిల్లకు ఆకుకూర పరిచయమే కాదు.

మన ఇళ్లలో పిల్లలకు ముందు విడిగా తినిపించి పెద్దలు తర్వాత తింటారు. దానితో పెద్దలు ఏం తింటున్నారో పిల్లలు చూడరు. రోజుకు ఒక పూటైనా కలిసి కూర్చోండి. తండ్రి కాకరకాయ వద్దంటూ కొడుకును తినమంటే ఎవరు వింటారు? చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టినప్పుడు మధ్యమధ్య పిల్ల తల్లి ముఖం చూసేది. ఫోను చూస్తున్న పిల్లకు నోట్లో ఏముందో కూడా తెలియదు.

వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోయినా, పిల్ల పాలిపోయి నీరసంగా ఉన్నా, మట్టి, బలపాలు తింటున్నా, మింగేటప్పుడు తరచు పొలమారుతున్నా ఇంటి ప్రయత్నాలతో కాలయాపన చేయకుండా వైద్యునికి చూపించాలి. బరువు చూడటానికి మీ అంగన్‌వాడీ కేంద్రంలోని పెరుగుదల పట్టిక ఉపయోగపడుతుంది.

కృత్యం: మీ ఇంట్లో గాని, పొరుగున గాని అయిదేళ్లలోపు పిల్లను ఒకరిని ఎంచుకోండి. మూడు రోజులు ఆ పిల్ల తిన్నవీ తాగినవీ వేళలతో సహా రాయండి. భోజనానికి ముందు రెండు గంటలలో ఇచ్చిన వాటి కింద గీత గీయండి. వాటిలో దేనిని మానిపించవచ్చో ఆ తల్లితో మాట్లాడి మీ నోటుపుస్తకంలో రాయండి.