ఉపగ్రహ సమాచారంతో ఉద్గారాల అంచనా: రియాద్ నగరం చెప్పినది

ఒక నగరం నుంచి ఎంత నైట్రోజన్ ఆక్సైడ్‌ల ఉద్గారం వెలువడుతున్నదో తెలిపే పట్టికలు ఇంధన వినియోగం, వాహనాల సంఖ్య, విద్యుత్కేంద్రాల సామర్థ్యం వంటి గణాంకాల నుంచి తయారవుతాయి. వాయునాణ్యతా నమూనాలకు ఈ పట్టికలే పునాది. పట్టిక తప్పయితే, నమూనాలోని రసాయనశాస్త్రం ఎంత సూక్ష్మమైనదైనా ఫలితం తప్పుతుంది. వీటిని బయటి నుంచి పరీక్షించే అవకాశం ఉపగ్రహాలతో లభించింది.

అయితే ఉపగ్రహం ఉద్గారాన్ని కొలవదు. 2004లో ప్రయోగించిన ఆరా ఉపగ్రహంలోని ఓమి పరికరమైనా, 2017 నాటి సెంటినెల్-5పి ఉపగ్రహంలోని ట్రోపోమి అయినా కొలిచేది భూమి నుంచి తిరిగివచ్చే సూర్యకాంతినే. అందులో నైట్రోజన్ డయాక్సైడ్ శోషించుకున్న భాగాన్ని బట్టి, నిలువు గాలిస్తంభంలో ఆ వాయువు ఎంత ఉన్నదో గణిస్తారు. చెరువు నీటిమట్టం చూసినంత మాత్రాన కాలువ ప్రవాహం తెలియదు. తూము ఎంత తెరిచి ఉన్నదో కూడా తెలియాలి. ఇక్కడ తూము వంటిది ఆ వాయువు ఆయుఃప్రమాణం.

ఈ రెండు అజ్ఞాతాలను విడదీసే మార్గాన్ని స్టెఫెన్ బయర్లే బృందం 2011లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. అందుకు సౌదీ రాజధాని రియాద్ చక్కగా ఒదిగింది: ఎడారి నడుమ ఒంటరి నగరం, మేఘాలు అరుదు. ఓమి పరిశీలనలను గాలి దిశను బట్టి వేరుచేసి సగటు తీయగా, గాలివాలున సాగే వాయుధార స్పష్టపడింది. అది క్షీణించే దూరాన్ని గాలి వేగంతో భాగిస్తే ఆయుఃప్రమాణం వస్తుంది. అల్ప, మధ్య అక్షాంశాల నగరాలలో అది సుమారు 4 గంటలు. శీతకాలపు మాస్కోలో 8 గంటలు. నగరంపై ఉన్న మొత్తం పరిమాణాన్ని ఈ కాలంతో భాగిస్తే ఉద్గార రేటు తేలుతుంది. ఉపగ్రహానికి కనబడని నైట్రిక్ ఆక్సైడ్ వాటాను ఒక గుణకంతో కలుపుతారు. చాలా నగరాలకు ఫలితం పాత పట్టికలతో సరిపోయింది. రియాద్‌కు మాత్రం మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది!

ఈ పద్ధతిలో ఒక చిక్కు తరచు విస్మరణకు గురవుతుంది. నేలకు దగ్గరి వాయువు పట్ల ఉపగ్రహ సున్నితత్వం తక్కువ. అందుచేత ఏ ఎత్తున ఎంత వాయువు ఉంటుందన్న అంచనాను ముందే ఒక నమూనా నుంచి తీసుకుంటారు. ఆ కొలతతోనే మరో నమూనాను సరిదిద్దినప్పుడు తొలి నమూనా దోషం వెంట వస్తుంది. సున్నితత్వ గుణకాలను ఉపయోగించి దీనిని తగ్గించవచ్చు. పైగా ఈ ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలోనే దాటుతాయి, ఉదయపు రద్దీ వాటికి చిక్కదు. తెలుగు రాష్ట్రాల వంటి ఋతుపవన ప్రాంతాలలో వానాకాలపు పరిశీలనలను మేఘాలు హరిస్తాయి. అటువంటి చోట 'వార్షిక సగటు' అన్నది నిజానికి శీతకాల, వేసవి నెలల వైపు మొగ్గిన సగటు.