రోదసిలో రాజా చారి బృందానికి తొలి వారంలోనే గండం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరి నాలుగు రోజులైనా నిండకముందే, తాము వచ్చిన వ్యోమనౌకలోనే తలదాచుకోవలసిన పరిస్థితి కమాండర్ రాజా చారి బృందానికి 2021 నవంబర్ 15న ఎదురయింది. భూమిపై నుంచి రష్యా ప్రయోగించిన క్షిపణి, ఆ దేశానికే చెందిన కాస్మోస్-1408 అనే పాత ఉపగ్రహాన్ని తుత్తునియలు చేయడమే ఇందుకు కారణం.

రాజా చారి అమెరికాలోనే జన్మించినా, ఆయన తండ్రి శ్రీనివాస్ చారి ఇంజనీరింగ్ విద్య కోసం హైదరాబాద్ నుంచి ఆ దేశం వెళ్ళినవారు. యాత్ర నాటికి అమెరికా వైమానిక దళంలో కల్నల్‌గా ఉన్న చారి, 2017లో 18 వేలకు పైగా దరఖాస్తుదారుల నుంచి నాసా ఎంపిక చేసిన 12 మందిలో ఒకరు. అంతకుముందెన్నడూ రోదసిలోకి వెళ్ళని వ్యక్తికి నాసా యాత్ర సారథ్యం అప్పగించడం 1973 నాటి స్కైలాబ్ యాత్ర తర్వాత అదే ప్రథమం.

మరో ముగ్గురు వ్యోమగాములు టామ్ మార్ష్‌బర్న్, కేలా బారన్, జర్మనీకి చెందిన మథియాస్ మౌరర్‌లతో ఆయన 'ఎండ్యూరెన్స్' నౌకలో, భారత కాలమానం ప్రకారం నవంబర్ 11 ఉదయం 7.33 గంటలకు ఫ్లోరిడా నుంచి బయలుదేరారు. వాతావరణం అనుకూలించక, బృందంలో ఒకరి స్వల్ప అస్వస్థత వల్ల ప్రయోగం అప్పటికే పలుమార్లు వాయిదా పడింది.

ఉపగ్రహ విస్ఫోటనంతో గుర్తించదగిన పరిమాణం గల శకలాలే 1,500కు పైగా ఏర్పడ్డాయి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కేంద్రం ప్రతి 90 నిమిషాలకోసారి వాటి చేరువకు వస్తుండగా, కేంద్రంలోని విభాగాల మధ్య తలుపులు మూసివేశారు. చారి బృందం ఎండ్యూరెన్స్‌లోకి, మిగిలిన ముగ్గురు సోయజ్ నౌకలోకి చేరి సుమారు రెండు గంటలు గడిపారు. ఆ ముగ్గురిలో ఇద్దరు రష్యన్లే కావడం గమనార్హం. స్వదేశపు క్షిపణి తమ వారినే దాగునట్లు చేసింది. శకలాల వల్ల ఎవరికీ ముప్పు లేదని మాత్రం రష్యా రక్షణ శాఖ ప్రకటించింది.

ఇటువంటి పరీక్షను 2019 మార్చిలో భారత్ సైతం జరిపింది. అప్పుడు నాసా అధిపతి తీవ్ర అభ్యంతరం తెలిపారు. అయితే ఆ ఉపగ్రహం 300 కిలోమీటర్ల లోపు ఎత్తునే ఉన్నందున శకలాల్లో అత్యధికం కొద్ది నెలల్లోనే భూవాతావరణంలో కాలిపోయాయి. కాస్మోస్ కక్ష్య కేంద్రానికి పైన ఉండటమే అసలు చిక్కు. నవంబర్ 30న మార్ష్‌బర్న్, బారన్‌లు చేయవలసిన రోదసి నడకను శకలాల హెచ్చరిక కారణంగా డిసెంబర్ 2కు మార్చారు.

2022 మార్చిలో చారి స్వయంగా రెండుసార్లు కేంద్రం వెలుపలికి వెళ్ళి పనిచేశారు. రెండో నడక ముగిశాక మౌరర్ శిరస్త్రాణంలో నీరు కనిపించడంతో నాసా ఇతర నడకలను నిలిపివేసింది. దాదాపు ఆరు నెలల అనంతరం, 2022 మే 6న నలుగురూ ఫ్లోరిడా తీరాన సముద్రంలో క్షేమంగా దిగారు.