గాలివాద్య బృందములు – వాని నాలకించు తీరు

మన బాగాయము, వేలూరు, గుడియాత్తము ప్రాంతముల తెలుగు కుటుంబములలో బిడ్డలను అమెరికాకు పంపినవారు పలువురు కలరు. అచ్చటి మనుమలు, మనుమరాండ్రు విశ్వవిద్యాలయపు కచేరిలో క్లారినెట్టో, సాక్సఫోనో ఊదుచుండగా తీసిన చిత్రములు ఇచ్చటి పెద్దల ఫోనులకు వచ్చుచుండును. చూచి సంతసించియు, "ఇది మన పెండ్లి బ్యాండు వంటిదే గదా, దీనికి విశ్వవిద్యాలయమేల?" యని కొందరు తలిదండ్రులు మమ్ము ప్రశ్నించుచుందురు. ప్రశ్న ఉచితమైనదే. తెలిసినంతవరకు వివరింతుము.

ఇట్టి కచేరిలో సాధారణముగా రెండు బృందములుండును. మొదటిది విండ్ బ్యాండు, అనగా ఊదువాద్యముల మేళము. ఫ్లూటు, క్లారినెట్టు, సాక్సఫోను ఒక వర్గము. ట్రంపెట్టు, ట్రోంబోను, ట్యూబా మున్నగు ఇత్తడి వాద్యములు రెండవ వర్గము. డోళ్లు, తాళములు మూడవ వర్గము. సాక్సఫోను ఇత్తడితో చేయబడినను మొదటి వర్గమునకే చెందును. ఏలయన, ఇత్తడి వాద్యములలో వాయించువాని పెదవులు అదిరి నాదము పుట్టును. సాక్సఫోనులో రెల్లుబద్ద అదిరి పుట్టును. మన నాదస్వరపు సీవాళి చేయు పనియు నిదియే. అడాల్ఫ్ సాక్స్ ఈ వాద్యమునకు 1846లో పారిసునందు పేటెంటు పొందెను.

1952లో ఫ్రెడరిక్ ఫెనెల్ రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో ఒక చిన్న బృందమును నెలకొల్పెను. అందు ఒక్కొక్క స్వరభాగమునకు ఒక్కొక్క వాదకుడే. ప్రక్కవాని చాటున దాగుటకు వీలులేదు. ప్రక్కవానిని వినకుండుటకును వీలులేదు.

రెండవది బిగ్ బ్యాండు. సాక్సఫోనులు 5, ట్రంపెట్లు 4, ట్రోంబోనులు 4, పియానో, గిటారు, బాసు, డ్రమ్సు కలిసి 4. వెరసి 17 మంది. వీరు వాయించునది జాజ్ సంగీతము. అందరును వ్రాసిన స్వరములను వాయించుచుండగా ఒకడు లేచి నిలిచి అప్పటికప్పుడు తన మనోధర్మమున స్వరములల్లును. మన కల్పనాస్వరములు వినిన చెవికి ఇది క్రొత్త కాదు. భేద మేమనగా, మనకు రాగము ఆధారము. వారికి ఏకకాలమున మ్రోగు స్వరసముదాయముల వరుస ఆధారము.

ఈ సంగీతము అమెరికాలో బానిసలుగా బ్రదికినవారి సంతతి సృష్టించినది. దానిని చాలకాలము విద్యాశాలలు గడప దాటనీయలేదు. 1947లో నేటి నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయము జాజ్ నందు పట్టపు చదువు ప్రారంభించెను.

ఇచ్చట మన సంగతియు తలచుకొనవలెను. మంగళవాద్యము లేక ముహూర్తము జరుగదు. కాని వాయించినవానిని పంక్తిలో కూర్చుండబెట్టుటకు వెనుదీసిన యిండ్లు మనలో నుండెను. అట్టి కుటుంబముల బాలురు తండ్రి వృత్తిని బడిలో చెప్పుకొన సిగ్గుపడుట మేము చూచితిమి. సిగ్గుపడవలసినది వారు కారు.

పాశ్చాత్య వాద్యములు మనకు పరాయివియు కావు. తంజావూరి రెండవ శరభోజి (1798–1832) తన ఆస్థానమున పాశ్చాత్య బ్యాండును పోషించెను. నాదస్వర విద్వాంసుని కుమారుడగు కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సఫోను విని, దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీసి, 1994లో లండనునందలి బీబీసీ ప్రామ్స్ కచేరిలో వినిపించెను. అమెరికాలోని జాజ్ విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్ప ఆయనతో కలిసి వాయించిన సంగీతము 2008లో ‘కిన్స్‌మెన్’ అను పేర వెలువడెను. అట్లే ప్రకాశము జిల్లా కరవదిలో జన్మించిన తెలుగువాడు షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగమున స్థిరపడి, తమిళనాట నాదస్వరమున అగ్రగణ్యుడై, 1998లో సంగీత కళానిధి బిరుదము నందెను. తన నాదమును విడువకయే పొరుగువారి మన్నన నందవచ్చుననుటకు ఆయన జీవితమే సాక్ష్యము.

కావున తలిదండ్రులకు మా మనవి: మనుమల కచేరి చిత్రము వచ్చినపుడు ముఖములు మాత్రము చూచి ముగింపకుడు. మొదట డ్రమ్సును, బాసును పట్టుకొనుడు. పిమ్మట ఏ వర్గము పాటను నడుపుచున్నదో గమనింపుడు. ఒక్కడు లేచినపుడు మిగిలినవారు తమ ధ్వని నెట్లు తగ్గింతురో వినుడు. ఇచ్చటి పిల్లవాడు నాదస్వరమో, క్లారినెట్టో నేర్తునన్నచో, పరీక్షలకు అడ్డమని వెంటనే వలదనకుడు. దినమునకు అరగంట యిండు. ఊపిరిని అదుపున నుంచుట, ఇతరులను వినుట నేర్చిన బిడ్డ పాఠమునందును నిలుకడ చూపును.