పరిహార ఎంపికలు – ‘చెల్లుకు చెల్లు’ సూత్రం: అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి మహిళల ప్రీమియర్ లీగ్ దాకా

వ్యాస సంగ్రహం:
ఒప్పందం ముగిసిన క్రీడాకారుడు మరో జట్టుకు వెళ్లినప్పుడు పాత జట్టుకు దక్కవలసిన పరిహారం ఏమిటి, దాని భారం ఎవరు మోయాలి అనేది వృత్తి క్రీడల్లో చిరకాల వివాదం. అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగ్ అనుసరిస్తున్న పరిహార ఎంపికల విధానాన్ని వివరించి, కడప జిల్లా క్రీడాకారిణి శ్రీచరణి వేలం ఉదంతంతో దాన్ని పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫ్రీ ఏజెంట్, డ్రాఫ్ట్, పరిహార ఎంపిక, వేలం, రైట్ టు మ్యాచ్, శ్రీచరణి.

1. ప్రస్తావన:
2025 నవంబరు 27న ఢిల్లీలో జరిగిన మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో శ్రీచరణిని ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు రూ. 1.30 కోట్లకు దక్కించుకుంది. ఆమె కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామానికి చెందిన ఎడమచేతి స్పిన్నర్. అంతకు కొద్ది వారాల ముందు, నవంబరు 2న ముగిసిన ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసి భారత విజయంలో ప్రధాన భాగస్వామి అయింది. 2024 డిసెంబరు వేలంలో ఇదే జట్టు ఆమెను రూ. 55 లక్షలకు తీసుకుంది. తన దగ్గరే ఆడిన క్రీడాకారిణిని ఆ జట్టు మళ్లీ వేలంలో ఎందుకు కొనవలసి వచ్చింది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పత్రికలు చదివే సామాన్య పాఠకునికి సహజంగా కలిగే సందేహం ఇది. దీనికి జవాబు వేలం నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనల తర్కం బోధపడాలంటే, ఇదే సమస్యకు మరో దారి వెదికిన అమెరికన్ ఫుట్‌బాల్‌ను ముందుగా పరిశీలించాలి.

2. సమస్య పూర్వరంగం:
అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్త క్రీడాకారులను జట్లు ‘డ్రాఫ్ట్’ ద్వారా ఎంచుకుంటాయి. 32 జట్లు ఏడు విడతలుగా, వంతులవారీగా ఎంపిక చేసుకుంటాయి. ముందటి ఏడాది వెనుకబడిన జట్టుకు ముందు వంతు వస్తుంది. ఒప్పందకాలం పూర్తయి, ఏ జట్టుతోనైనా కుదుర్చుకునే స్వేచ్ఛ పొందిన క్రీడాకారుణ్ని ‘ఫ్రీ ఏజెంట్’ అంటారు.

ఈ స్వేచ్ఛ తేలికగా రాలేదు. 1963లో వచ్చిన ‘రోజెల్ నిబంధన’ ప్రకారం, అటువంటి క్రీడాకారుణ్ని చేర్చుకున్న జట్టే పాత జట్టుకు పరిహారం చెల్లించాలి. రెండు జట్లకూ ఒప్పుదల కుదరకపోతే లీగ్ కమిషనరే దాన్ని నిర్ణయిస్తాడు. పరిహారం ఎంతవుతుందో ముందుగా తెలియనందువల్ల జట్లు వెనుకాడాయి. పేరుకు స్వేచ్ఛ ఉన్నా పిలిచేవారు కరువయ్యారు. 1976లో జాన్ మాకీ కేసులో అప్పీళ్ల న్యాయస్థానం ఈ నిబంధన పోటీ చట్టాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. 1993లో లీగ్‌కూ క్రీడాకారుల సంఘానికీ కుదిరిన ఒప్పందంతో ఫ్రీ ఏజెంట్ విధానం స్థిరపడింది. దానికి తోడుగా వచ్చినదే పరిహార ఎంపికల పద్ధతి.

3. పరిహార ఎంపిక – లెక్క కట్టే తీరు:
ఫ్రీ ఏజెంట్లను కోల్పోయిన జట్టుకు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో అదనపు ఎంపికలు లభిస్తాయి. ఇవి మూడవ విడత నుంచి ఏడవ విడత వరకు, ఆయా విడతల చివరన ఉంటాయి. లీగ్ మొత్తానికి సాధారణంగా 32, ఒక్కో జట్టుకు గరిష్ఠంగా నాలుగు మాత్రమే ఇస్తారు. వెళ్లిపోయిన క్రీడాకారుని విలువకు మూడు ప్రమాణాలున్నాయి: కొత్త జట్టులో అతని సగటు వార్షిక వేతనం, అక్కడ అతడు ఎంతసేపు ఆడాడు, పొందిన గౌరవాలు. వీటిలో వేతనానిదే ప్రధాన స్థానం. కోల్పోయినవాడు కొత్తచోట ఎంత రాణిస్తే పాత జట్టుకు అంత మేలన్నమాట.

అయితే వెళ్లినవారిని మాత్రమే లెక్కించరు, వచ్చినవారినీ లెక్కిస్తారు. ఇక్కడే మన వర్తకుల చిట్టా మాట ‘చెల్లుకు చెల్లు’ సరిగ్గా అతుకుతుంది. బంగారు, పత్తి వ్యాపారాలకు పేరుపొందిన ప్రొద్దుటూరులో జమాఖర్చుల పుస్తకం తెలిసిన వారెవరికైనా ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. వెళ్లిన క్రీడాకారుడు ఒక పద్దు, వచ్చిన క్రీడాకారుడు దానికి ఎదురు పద్దు. రెండూ పోగా మిగిలిన నికర నష్టానికే పరిహారం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక జట్టు ముగ్గురు ఫ్రీ ఏజెంట్లను కోల్పోయింది. వారి విలువలు వరుసగా మూడు, నాలుగు, ఆరు విడతలకు సమానమనుకుందాం. ఆ జట్టు నాలుగవ విడత విలువగల ఒకరిని బయటినుంచి చేర్చుకుంటే, అదే విలువగల నష్టం చెల్లిపోతుంది. మూడవ, ఆరవ విడతల ఎంపికలు మిగులుతాయి. ఆరవ విడత విలువగల మరొకరిని కూడా తీసుకుంటే మూడవ విడత ఎంపిక ఒక్కటే నిలుస్తుంది. అంటే రెండవ ఒప్పందానికి జట్టు చెల్లించిన అసలు మూల్యం అతని వేతనం మాత్రమే కాదు. చేజారిన ఆరవ విడత ఎంపిక కూడా.

ఈ లెక్కలోకి రానివారూ ఉన్నారు. ఒప్పందం ముగియకముందే పాత జట్టు తొలగించినవారు, మరీ తక్కువ వేతనానికి చేరినవారు, డ్రాఫ్ట్ ముగిశాక నిర్ణీత గడువు దాటిన తర్వాత ఒప్పందం చేసుకున్నవారు ఇందులోకి రారు. అందువల్ల జాగ్రత్తగల జట్లు సమానమైన ఇద్దరిలో తొలగింపునకు గురైనవానివైపు మొగ్గు చూపుతాయి. లేదా గడువు దాటేదాకా ఆగుతాయి. ఇందులో క్రీడాకారునికి కలిగే నష్టమూ ఉంది. మధ్యస్థాయి అనుభవజ్ఞుడు తన ప్రతిభతో సంబంధంలేని ఒక తేదీ కోసం వారాల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు.

చివరి విడతల ఎంపికలకు విలువేముంటుందని అనుకోరాదు. 2000 సంవత్సరం డ్రాఫ్ట్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఆరవ విడతలో, 199వ స్థానంలో టామ్ బ్రేడీని ఎంచుకుంది. అది పరిహారంగా లభించిన ఎంపికే. ఆ జట్టు అతనితో ఆరుసార్లు విజేతగా నిలిచింది. 2020లో అతడే ఫ్రీ ఏజెంట్‌గా టాంపా బే జట్టుకు వెళ్లాడు. 2017 నుంచి పరిహార ఎంపికలను జట్లు పరస్పరం మార్చుకునే వీలు కూడా కలగడంతో వీటి విలువ మరింత పెరిగింది.

4. భారతీయ లీగుల్లో బదులు మార్గం:
మన లీగుల్లో డ్రాఫ్ట్ స్థానంలో వేలం ఉంది. ‘వేలం’ పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. ‘వేలంపాట’, ‘పాట పాడుకోవడం’ అన్న ప్రయోగాలు చెరువు చేపల వేలం నుంచి వినాయక చవితి లడ్డూ వేలం దాకా జనవ్యవహారంలో ఉన్నవే. ఇక్కడ క్రీడాకారుణ్ని వదిలిన జట్టుకు తరువాతి ఏడాది ఎంపిక రాదు. దానికి బదులుగా, ఇతరులు పాడిన ధరకే తిరిగి తీసుకునే ‘రైట్ టు మ్యాచ్’ హక్కు ఉంటుంది. ప్రో కబడ్డీలో ఇటువంటిదాన్ని ‘ఫైనల్ బిడ్ మ్యాచ్’ అంటారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను రూ. 2.605 కోట్లకు కొన్న తెలుగు టైటాన్స్, 2024లో ఈ హక్కుతోనే రూ. 1.725 కోట్లకు నిలుపుకుంది.

2025 మహిళల వేలంలో ఈ హక్కును అట్టిపెట్టుకున్నవారి సంఖ్యతో ముడిపెట్టారు. ఒక జట్టు గరిష్ఠంగా ఐదుగురిని అట్టిపెట్టుకోవచ్చు. ఎందరిని నిలుపుకుంటే అన్ని హక్కులు తగ్గుతాయి. ఇదీ ‘చెల్లుకు చెల్లు’ లెక్కే. ఢిల్లీ ఐదుగురిని నిలుపుకుంది కనుక దానికి ఒక్క హక్కూ మిగలలేదు. శ్రీచరణి కోసం అది అందరితోపాటు బహిరంగంగా పాడుకోవలసి వచ్చింది. ఆమె ధర రూ. 30 లక్షల కనీస ధర నుంచి రూ. 1.30 కోట్లకు చేరింది.

దీనికి భిన్నమైనది దీప్తి శర్మ ఉదంతం. ఒక్కరినే నిలుపుకున్న యూపీ వారియర్స్‌కు నాలుగు హక్కులున్నాయి. ఢిల్లీ ఆమెకు రూ. 50 లక్షల కనీస ధర పాడగా యూపీ తన హక్కును వినియోగించింది. అటువంటప్పుడు పాడిన జట్టు ధరను ఒకసారి పెంచవచ్చుననే నిబంధన ప్రకారం ఢిల్లీ రూ. 3.20 కోట్లకు పెంచింది. యూపీ ఆ ధరకే ఆమెను తీసుకుంది. ఈ పెంపు నిబంధన లేకపోతే, ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన ఆమెకు దక్కేది కనీస ధరే.

5. తులనాత్మక పరిశీలన:
పరిహారం ఉండాలా వద్దా అన్నదానికన్నా, దాని భారం ఎవరిమీద పడుతున్నదన్నది ముఖ్యమని పై ఉదాహరణలు తెలుపుతున్నాయి. రోజెల్ నిబంధనలో ఆ భారం చేర్చుకునే జట్టుపై నేరుగా పడి, క్రీడాకారుని స్వేచ్ఛను కుదించింది. పరిహార ఎంపికల్లో అదనపు వంతు అందరి మధ్యలో చేరుతుంది కనుక భారం లీగ్ అంతటా పంచబడుతుంది. రైట్ టు మ్యాచ్‌లో పాత జట్టే ధర చెల్లిస్తుంది. కాని ఎలాగూ తిరిగి తీసుకుంటారన్న అనుమానంతో ఇతరులు పాట తగ్గించే ప్రమాదముంది.

ఈ పద్ధతులన్నిటికీ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. ఇవి వృత్తి జట్ల నడుమ లెక్కలే తప్ప, క్రీడాకారిణిని తొలుత తీర్చిదిద్దిన మైదానం లెక్క కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఈ కోణాన్ని గుర్తించింది. ఒప్పందకాలంలో జరిగే బదిలీ రుసుములో 5 శాతాన్ని, ఆ క్రీడాకారునికి 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య శిక్షణనిచ్చిన క్లబ్బులకు పంచాలని నిబంధన పెట్టింది.

6. ముగింపు:
1. ఫ్రీ ఏజెంట్ ఒప్పందానికి వేతనంతోపాటు, చెల్లిపోయే పరిహార ఎంపిక రూపంలో రెండవ మూల్యం ఉంటుంది.
2. ఎవరు వెళ్లారన్నదే కాక ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎలా వచ్చారు అన్నవి పరిహారాన్ని నిర్ణయిస్తాయి.
3. భారతీయ వేలంలో నిలుపుదలకూ రైట్ టు మ్యాచ్ హక్కుకూ మధ్య ఇదే సూత్రం పనిచేస్తుంది. ఆ హక్కు లేనిచోట ధరను బహిరంగ పోటీయే తేలుస్తుంది.

జట్ల మధ్య చిట్టాలు ఇంత నిశితంగా రాస్తున్న కాలంలో, జిల్లా మైదానం పద్దు మాత్రం ఖాళీగానే ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మైదానాల్లో రేపటి శ్రీచరణికి బంతి పట్టుకోవడం నేర్పే శిక్షకునికి కూడా ఆ చిట్టాలో ఒక పంక్తి ఉండాలి. మన లీగుల నిబంధనలు ఇకపై పరిశీలించవలసిన అంశం అదే.