సాయంత్రం గుప్పెడు గుగ్గిళ్లు

పసిపిల్లల పొట్ట చిన్నది. పెద్దవాళ్లం కంచం నిండా తిని రాత్రి దాకా ఊరుకోగలం, వాళ్లు ఊరుకోలేరు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని లేచిన పిల్లకు నాలుగింటికల్లా మళ్లీ కడుపు కాలుతుంది. అది మారాం కాదమ్మా, నిజమైన ఆకలే. అందుకే చిరుతిండిని నేను ఒక చిన్న భోజనంగానే లెక్కేస్తాను. అన్నంలో తక్కువైంది ఆ గుప్పెడు తిండిలో దొరకాలి.

ఏం తక్కువవుతోందీ అంటే, ముఖ్యంగా ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలలు నిండి అయిదేళ్లు దాటని పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కలిగినవాళ్ల పిల్లలూ ఆ లెక్కలో ఉన్నారు.

పెసల్లో, శనగల్లో ఇనుము ఉంది కదా అంటారు. ఉంది నాయనా, కానీ గింజ మన కోసం పుట్టలేదు. రేపు రాబోయే మొలక కోసం అది భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. ఆ ఆమ్లం ఇనుమునూ జింకునూ పట్టుకుని వదలదు. మనం తిన్నా ఒంటికి పట్టేది కొంచెమే.

ఇప్పుడు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. రాత్రి గుప్పెడు పెసలు కడిగి నానేయండి. తెల్లారేసరికి ఉబ్బి, పచ్చటి తొక్క అక్కడక్కడా చిట్లుతుంది. నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టండి. మర్నాడు పిల్లల చేతే మూట విప్పిస్తే, ప్రతి గింజకూ తెల్లటి బుల్లి ముక్కు! లోపల జరిగింది ఇంకా గొప్ప సంగతి. నీరు తగలగానే ఫైటేజ్ అనే ఎంజైము పనిలోకి దిగి, మొలకకు భాస్వరం అందించడానికి ఫైటిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. దాని పట్టు సడలి, ఇనుము మనకూ అందుతుంది. ఎండు పెసల్లో ఇంచుమించు లేని విటమిన్ సి కూడా మొలకతోపాటే పుట్టుకొస్తుంది.

అయితే ఆ తడీ వెచ్చదనమూ చెడ్డ సూక్ష్మజీవులకూ ఇష్టమే. చిన్నపిల్లలకు పచ్చి మొలకలు పెట్టకండి. మెత్తగా ఉడికించి, ఆవాలూ కరివేపాకుతో పోపు వేసి, దించాక కాస్త చల్లారనిచ్చి నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి విటమిన్ సి కొంత పోతుంది. ఈ విటమిన్ ఫెర్రిక్ రూపంలోని ఇనుమును పేగులు సులువుగా పీల్చుకునే ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. నిమ్మ లేకపోతే గుగ్గిళ్లతో పాటు జామకాయ ముక్కలు పెట్టండి. 100 గ్రాముల కమలాపండులో 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే, అంతే జామలో 200 దాకా ఉంటుంది. టీలో బిస్కెట్టు ముంచి ఇవ్వడం మాత్రం నాకు చాలా బాధగా ఉంటుంది. టీలోని టానిన్లు దొరికిన ఆ కాస్త ఇనుమునూ అడ్డుకుంటాయి.

బిస్కెట్టు కొనక తప్పకపోతే పాకెట్టు వెనక్కి తిప్పి చదవండి. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. ముందువైపు పెద్దక్షరాలతో రాగి అని ఉన్నా, వెనక మైదా, చక్కెర, పామాయిల్ తర్వాత ఎక్కడో కనిపిస్తే అది రాగి బిస్కెట్టు కాదు. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఆ పిండితో ఇంట్లో ఒక చిన్న రొట్టె కాల్చి పెడితే ఎంత మేలు!

వేరుశనగ గుళ్లు బలమైన తిండే, నాలుగో వంతు ప్రోటీనే. కానీ అయిదేళ్లలోపు పిల్లలకు గుళ్లుగా ఇవ్వొద్దు. సరిగా నమలలేక, నవ్వుతూనో పరిగెడుతూనో మింగితే గింజ ఊపిరిగొట్టంలోకి జారుతుంది. ప్రాణం మీదికొస్తుంది. పొడి కొట్టి అన్నంలోనో రొట్టెలోనో కలపండి. ద్రాక్షపండునైనా నిలువునా నాలుగు ముక్కలు చేశాకే ఇవ్వండి. ఏం పెట్టినా కూర్చోబెట్టి, పక్కనే ఉండి తినిపించండి.

అయిదేళ్లు దాటిన పిల్లలకు పెట్టినా, పల్లీపట్టీ బెల్లంతో చేసిందే కదా అని ధీమా పడకండి. నోట్లోని బాక్టీరియాకు బెల్లమైనా చక్కెరైనా ఒకటే, రెంటినీ ఆమ్లంగా మార్చి పంటి పైపొరను కరిగిస్తుంది. ఆ ఆమ్లాన్ని లాలాజలం విరిచేయడానికి అరగంటో గంటో పడుతుంది. అస్తమానం ఏదో ఒకటి నములుతూ ఉండే పిల్లల పళ్లకు ఆ వ్యవధి దొరకదు. పట్టీ తిన్న వెంటనే నోరు పుక్కిలింపజేసి, రాత్రి అన్నం దాకా మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.