పరంజా కాలి దగ్గరి సిమెంటు బస్తా ఎవరిది?

ఎత్తయిన బిల్డింగ్‌కి రంగులేస్తుంటే ఫోన్ పైకెత్తి వీడియో తీస్తాం. తాళ్లకి వేలాడుతున్న మనిషి, వెనకాల ఆకాశం, ఓ మాస్ బీట్... స్టేటస్ రెడీ. ఈసారి అక్కడితో ఆగకుండా ఇంకో చోటు చూడండి. ఇనుప ఫ్రేముల పరంజా అయితే దాని కాళ్ల దగ్గర, తాళ్ల ఝూలా అయితే డాబా మీద దూలాల వెనక చివర ఏం బరువు పెట్టారో గమనించండి. పైనున్న మనిషి సాయంత్రం ఇంటికి చేరడం చాలావరకు దాని మీదే ఉంటుంది.

నేను కోడ్ రాసుకునేవాణ్ని, బేల్దారిని కాదు. కాకపోతే మాది ఆదోని, బంధువులంతా ఎమ్మిగనూరు. మా వైపు ఇళ్లకి రంగులు పడేది ఎక్కువగా సంక్రాంతికి, పుష్యమాసంలో వచ్చే నీలకంఠేశ్వరస్వామి జాతరకి. ఒకప్పుడు సరుగుడు బాదులు గుంత తీసి పాతి, తాళ్లతో కట్టేవాళ్లు. ఇప్పుడు అద్దె ఫ్రేములు, కింద చక్రాలున్న టవర్లు వచ్చేశాయి. చక్రాన్ని పాతలేం కదా! అందుకే బరువులు మొదలయ్యాయి. చేతికి ఏది దొరికితే అది: ఇసుక మూట, ఇటుకలు, నీళ్ల క్యాను, సిమెంటు బస్తా.

మొన్న జాతర ముందు ఎమ్మిగనూరులో మా పెద్దనాన్న మేడకి రంగులేశారు. చక్రాల టవర్‌కి నాలుగు మూలలా తలా ఒక సిమెంటు బస్తా, అంటే మొత్తం 200 కేజీలు పెట్టారు. మధ్యాహ్నం గాలి లేచింది. పైనుంచి పెయింటర్ కేక: "ఏందప్పా, ఊగుతాంది ఇది!" కిటికీ గ్రిల్ పట్టుకుని మెల్లగా దిగాడు. కిందికొచ్చి చూస్తే రెండు బస్తాలు లేవు. వెనక బాత్రూమ్ పనికి కాంక్రీటు కలుపుతున్న కుర్రాడు తీసుకుపోయాడు.

"సిమెంటు అయిపోయింది గదన్నా, పని నిలబడతాదని తెచ్చినా" అన్నాడు.

అందరూ వాణ్ని తిట్టారు. నాకు మాత్రం వాడి మాటలో న్యాయం కనిపించింది. సిమెంటు బస్తా చూస్తే ఎవరికైనా సిమెంటే గుర్తొస్తుంది. అది టవర్‌ని పట్టుకుని కూర్చుందని బస్తా మీద రాసిలేదు, వాడికెవరూ చెప్పలేదు. పని జరిగే చోట ఇంకో పనికి అక్కరకొచ్చే వస్తువుని బరువుగా పెడితే, ఏదో ఒక పూట దాన్ని ఎవరో ఒకరు తీసుకుపోతారు.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లో, డాబా మీంచి వేలాడే పరంజాల గురించి ఇదే ఉంది. ఇటుకల్లాంటి నిర్మాణ సామగ్రిని ఎదురు బరువుగా వాడకూడదు. ఇసుక, కంకర లాంటి జారిపోయే సరుకూ పనికిరాదు. బరువుని దూలానికి గట్టిగా బిగించాలి, పరంజా మొత్తం విప్పేదాకా తీయకూడదు. మన దగ్గరా పరంజాల భద్రత కోసమే ఐఎస్ 3696 మొదటి భాగం ఉంది. ఏ అద్దె షాపులోనూ దాని ఊసు నేను వినలేదు, అది వేరే సంగతి.

ఇసుక ఎందుకొద్దు? తుంగభద్ర ఇసుక మూట పొద్దున 40 కేజీలు ఉందనుకోండి. ఎండకి సంచి చీకిపోయి చిన్న చిల్లు పడితే సాయంత్రానికి ఎంత మిగులుతుందో చెప్పలేం. పైనున్నవాడికి ఆ చిల్లు కనిపించదు. నీళ్ల క్యానుదీ అదే కథ, పైగా తేలిక. 20 లీటర్ల నీళ్లు 20 కేజీలే. అదే చోటులో ఎండు ఇసుక అయితే సుమారు 32, కాంక్రీటు 48, ఇనుము 157 కేజీలు పడుతుంది. కాంక్రీటు, ఇనుము కారిపోవు, ఎండిపోవు.

సరే, ఎంత బరువు కావాలి? ఇక్కడ ఫస్టియర్ మెకానిక్స్ అక్కరకొచ్చింది. మనుషుల కంటే ముందు గాలిని లెక్కేయాలి. సెకనుకి 10 మీటర్ల గాలి, అంటే గంటకి 36 కిలోమీటర్లు, అడ్డొచ్చిన ప్రతి చదరపు మీటరునీ దాదాపు 6 కేజీల బలంతో తోస్తుంది. దుమ్ము, రంగు చుక్కలు పక్కింటి మీద పడకుండా టవర్‌కి పట్ట కడతారు కదా. 2 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు పట్ట అంటే 12 చదరపు మీటర్లు. తోపు 72 కేజీలు. అది సగం ఎత్తులో, 3 మీటర్ల దగ్గర తోసినట్టు లెక్క. ఫ్రేము వెడల్పు 1.2 మీటర్లయితే నడిమధ్య నుంచి అంచుకి దూరం 0.6 మీటర్లే. 72ని 3తో గుణించి 0.6తో భాగిస్తే 360 కేజీలు. టవర్ సొంత బరువూ కింద పెట్టిన బరువూ కలిపి ఇంతుంటే అది పడీపడకుండా నిలబడుతుంది, అంతే. భద్రత కావాలంటే ఇంకా పైన ఉండాలి.

ఇప్పుడు గాలి రెట్టింపైందనుకోండి. బరువు రెట్టింపైతే చాలదు, నాలుగు రెట్లు కావాలి. అంటే 1,440 కేజీలు. ఆదోనివాణ్ని కదా, నాకు బరువంటే పత్తి బేలే గుర్తొస్తుంది. బేలు 170 కేజీల లెక్కన ఎనిమిదిన్నర బేళ్లు! అంత బరువు టవర్ మీద ఎవరూ పెట్టరు, పెట్టకూడదు. ఆషాఢం గాలి మొదలైతే బరువులు వెతకొద్దు, మనిషిని దించి పట్ట విప్పేయండి.

ఇంకో దారీ ఉంది. టవర్ కాళ్లకి ఏటవాలుగా పక్క కాళ్లు బిగించి అడుగు 2.4 మీటర్లు చేస్తే, మొదటి లెక్కలోని 360 కాస్తా 180కి దిగుతుంది. షాపువాళ్లు వీటికి విడిగా అద్దె తీసుకుంటారు కాబట్టి చాలామంది వద్దంటారు. నా దృష్టిలో బస్తాల మీద పెట్టే ఖర్చు కంటే ఈ అద్దే మేలు. అమెరికా నిబంధనల ప్రకారం, నేల మీద నిలబెట్టిన పరంజా ఎత్తు దాని సన్నవైపు వెడల్పుకి 4 రెట్లు దాటితే గోడకి కట్టాలి, లేదా తాళ్లతో బిగించాలి. 1.2 మీటర్ల ఫ్రేముకి ఆ హద్దు 4.8 మీటర్లు. 2 మీటర్ల ఫ్రేములైతే మూడోది పెట్టగానే దాటేస్తాం. అప్పుడు కింద బరువుంది కదా అని కట్టడం మానేయకూడదు.

మా నేలతో ఇంకో చిక్కుంది. ఎమ్మిగనూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. ఎండకి నెర్రెలిస్తుంది, రెండు చినుకులు పడితే మెత్తబడుతుంది. ఆ నేల మీద టవర్ పెట్టి బరువు పెంచుకుంటూ పోతే ఒక కాలు దిగబడుతుంది, టవర్ అటువైపే ఒరుగుతుంది. కాళ్ల కింద వెడల్పాటి మందపు చెక్క వేయాలి. చాలామంది నాపరాయి ముక్క దోపుతారు. కింద ఖాళీ ఉంటే అది పుటుక్కున విరుగుతుంది.

ఇక ఝూలా. ఏతం చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ముందు కొసన బాన, వెనక కొసన రాయి. డాబా అంచు దాటి దూలం అర మీటరు బయటికొచ్చి, దాని కొసన 300 కేజీల భారం ఉందనుకోండి. వెనక బరువు అంచు నుంచి 3 మీటర్ల దూరంలో ఉంటే 50 కేజీలకే తూగుతుంది. కానీ తూగితే చాలదు. ఓషా అడిగేది కనీసం 4 రెట్లు, అంటే 200 కేజీలు. వాటర్ ట్యాంకు అడ్డొచ్చిందని బరువుని ఒకటిన్నర మీటరు దగ్గరికి జరిపితే అది 400 అవుతుంది. అదే దూలం, అదే మనుషులు. కింద నుంచి చూసేవాడికి ఏ తేడా తెలీదు.

పెద్దనాన్న ఇంటి పని అయ్యాక ఆ పెయింటర్ తన ఖాళీ 20 లీటర్ల రంగు బకెట్లలో కాంక్రీటు పోసి, పైన ఇనుప కొక్కెం పాతాడు. ఒక్కోటి 48 కేజీలు, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. కాలికి క్లాంపుతో బిగిస్తున్నాడు. నేల మీది టవర్‌కే సుమా, ఝూలాకి ఇవి కాదు, దాని కోసం చేసిన బరువులే వాడాలి. బకెట్లన్నిటికీ ఎర్ర రంగేసి 1 నుంచి 8 దాకా నంబర్లు రాశాడు. పొద్దున ఎక్కేముందు, మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ ఎక్కేముందు లెక్కపెట్టుకుంటున్నాడు.